నువ్వు వచ్చావనుకున్నాను

తార్‌బహార్, బిలాస్‌పూర్
9 జూన్ 2024

జ్యోతికి,

మీ వదిన రాస్తున్నది. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటావు, నవ్వుకో. ఫోన్ చేద్దామంటే, సాయంత్రం రైల్వే షెడ్డు నుంచి రాగానే మీ అన్నయ్య నా ఫోన్ తీసుకుని ఎవరితో ఎంతసేపు మాట్లాడానో చూస్తారు. మాటలు రికార్డయ్యే ఏర్పాటు కూడా ఏదో చేశారు. ఉత్తరానికి ఆ గొడవ లేదు. తెలుగు అక్షరం చూస్తే ఆయనకి చీమల బారే. నువ్వు జవాబు నేరుగా ఇంటికే రాయి. చెల్లెలి ఉత్తరమని నా ముందు పడేస్తారు, అంతకంటే పట్టించుకోరు.

నువ్వు కంప్యూటర్ పంపినప్పటి నుంచి నాకు ఇంట్లో ఒక పని, ఒక మర్యాద వచ్చాయి. పదయ్యేసరికి ఫారాలు నింపించుకోవడానికి వరండాలో జనం. సిర్గిట్టి గోదాముల వాళ్లు పీఎఫ్ కాగితాలతో వస్తారు, కోని యూనివర్సిటీ పిల్లలు స్కాలర్‌షిప్ ఫారాలతో వస్తారు, మన పాత రైల్వే వాళ్లు పెన్షన్ కాగితాలతో వస్తారు. మొన్న ఒక పెద్దాయన, పెన్షన్ కోసం బతికున్నట్టు రుజువివ్వాలని, వేలిముద్ర యంత్రం మీద పదిసార్లు వేలు పెట్టాడు. నలభై ఏళ్లు ట్రాక్ మీద సుత్తి పట్టిన చెయ్యి, గీతలు అరిగిపోయాయి, యంత్రం ఒప్పుకోలేదు. "నాను బతికే ఉన్నానని దానికి నువ్వైనా సెప్పమ్మా" అన్నాడు.

నీకు అసలు చెప్పాలనుకున్నది వేరే. కంప్యూటర్ మొండికేసినప్పుడు నువ్వు హైదరాబాద్ నుంచే దాంట్లోకి వచ్చి సరిచేస్తావు చూడు. స్క్రీన్ కింద మూలన చిన్న పెట్టె వెలుగుతుంది, మౌస్ బాణం దానంతట అదే కదులుతుంది. అది చూస్తే నాకు ఇంట్లోకి సొంత మనిషి వచ్చినట్టుంటుంది. ఈమధ్య నేను పిలవకుండానే వస్తున్నావు, కాసేపు ఉండి వెళుతున్నావు. నీకున్న పనిలో నా కోసం అంత తీరిక చేసుకుంటున్నావంటే నా మీద ఎంత ప్రేమో నాకు తెలుసు. అందుకే పోయిన వారం పెట్టె వెలగగానే నోట్‌ప్యాడ్ తెరిచి నా మనసులోదంతా నీకు కొట్టేశాను. తెలుగు కొట్టడం చేతకాక ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాను. అది మళ్లీ ఇక్కడ రాయలేను, సిగ్గు. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు.

అత్తయ్య కులాసా. వరండాలో నా పక్కనే కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ వచ్చే పోయేవాళ్లని చూస్తుంటారు.

మీ వదిన
హైమావతి


హైదరాబాద్
16 జూన్ 2024

వదినా,

హాస్టల్ వాచ్‌మన్ నీ ఉత్తరం చేతికిస్తే కోర్టు నోటీసేమోనని హడలిపోయాను. జవాబు రాద్దామని కూర్చుంటే 'ళ' ఎటు తిప్పాలో మర్చిపోయాను. పగలంతా బ్యాంకు శాఖల కంప్యూటర్లలోకి దూరి బాగుచేసే చెయ్యి ఇది, కలం పట్టుకుంటే వంకర పోతోంది. తప్పులుంటే అమ్మకి చెప్పకు.

మా ఇద్దరికీ అమ్మే పలక మీద దిద్దించింది తెలుసా? బడిలో హిందీ, ఇంట్లో పలక. నేను బుద్ధిమంతురాల్ని. అన్నయ్య 'ఋ' దాకా వచ్చి, ఇక నా వల్ల కాదని పలక తీసి అమ్మ మొహాన కొట్టాడు. అమ్మ కనుబొమ మీద గీత ఉంటుంది చూడు, అది ఆ పలక అంచు. వాడికి అప్పుడు ఎనిమిదేళ్లు. నాన్న వచ్చి అడిగితే గుమ్మం తగిలిందని చెప్పింది. ఆ సంగతి తలుచుకుని అమ్మా నేనూ ఇప్పటికీ నవ్వుకుంటాం. అలా నీ మొగుడు తెలుగు అక్షరం ముక్క రాకుండా మిగిలిపోయాడు.

అయితే ఈమధ్య బాగుపడ్డాడు వదినా. ఏప్రిల్‌లో ఫోన్ చేసి, కంప్యూటర్ పనిలో వదినకి సాయం చేస్తాను, నాకూ నేర్పించు అన్నాడు. మా అన్నయ్యేనా అనుకున్నాను. నువ్వు ఏ మంత్రం వేశావో.

అవును, ఒకసారి పిలవకుండానే వచ్చాను, అప్‌డేట్లు చెయ్యడానికి. నోట్‌ప్యాడ్‌లో నువ్వు రాసిపెట్టింది చదివాను. ఇంత దానికే అంత బాధ పెట్టుకుంటావా? పాతబడ్డాక ఎవరింట్లోనైనా ఉండే తలనొప్పే. కొన్నాళ్లు సర్దుకో, దసరాకి వచ్చినప్పుడు ఏదో ఒకటి చేద్దాం.

అమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి?

నీ
జ్యోతి


తార్‌బహార్
24 జూన్ 2024

జ్యోతీ,

కొన్నాళ్లు సర్దుకో అని రాశావు. ఆ ముక్క పదిసార్లు చదివాను. దసరాకి వచ్చి ఏదో ఒకటి చేస్తావా? దసరా దాకా నేను ఉండాలి కదా. అది రాయడానికి నీకు సిగ్గు లేనప్పుడు నాకెందుకు? రాస్తాను, ఈసారి నీకు అర్థమయ్యే అక్షరాల్లోనే చదువుకో.

మీ అన్నయ్య నన్ను ఫిబ్రవరి నుంచి కొడుతున్నారు. మొదట చేత్తో. తర్వాత బెల్టుతో, ఇనుప బకిల్ ఉన్న వైపు. మే ఆఖరున షెడ్డు నుంచి తెచ్చుకున్న స్పానర్‌తో ఎడమ పక్కటెముకల మీద కొట్టారు. ఇప్పటికీ గట్టిగా ఊపిరి పీలిస్తే లోపల ఎండుపుల్ల విరిగినట్టు అవుతుంది. అరవరు, తిట్టరు. మెల్లిగా మాట్లాడుతూనే కొడతారు. కొట్టే ముందు కిటికీలు వేస్తారు, కొట్టాక కాళ్లు కడుక్కుని అన్నం పెట్టమంటారు.

కారణాలు చెబుతాను. "ఈరోజు జయప్రకాష్ అనేవాడి ఫారానికి గంట పట్టిందేం" అని ఒకరోజు. "క్లర్కు పరీక్షకి దరఖాస్తు పెట్టుకుందామని చూస్తున్నావట, ఉద్యోగం చేసి ఎవణ్ణి పోషిస్తావు" అని మరో రోజు. ఆయన షెడ్డులో ఉంటారు. వరండాలో ఏ పేరుగల మనిషి వచ్చాడో, నేను ఎంతసేపు కూర్చున్నానో, ఏ ఉద్యోగం చూసుకున్నానో ఆయనకి ఎలా తెలుస్తోంది? ఎవరో చెబితేనే కదా.

పోయిన వారం నువ్వు మళ్లీ వచ్చిన రోజు స్క్రీన్ మీద కొట్టిన మాటలు గుర్తున్నాయి కదా. పక్కటెముక నొప్పి అనీ, ఈసారి ఇక ఓర్చుకోలేను, పాలకొండలో మా అక్క దగ్గరికి వెళ్లిపోవాలనుందనీ. అవే మాటలు ఆ పూట అత్తయ్యకీ చెప్పుకున్నాను. ఆడది కదా, అర్థం చేసుకుంటుందనుకున్నాను. సాయంత్రం మీ అన్నయ్య బూట్లు విప్పకుండా వంటింట్లోకి వచ్చారు. "అచ్ఛా, పాలకొండ ఎల్లిపోతావా? టికెట్ నాను తీయనా?" అని, నా జుట్టు చేతికి చుట్టుకుని మొహం గ్యాస్ బండకేసి కొట్టారు. ముందుపన్ను ఊడింది. ఆయన అన్నం తింటుంటే నేను నేల మీద పాకుతూ ఆ పన్ను వెతుక్కున్నాను. ఎందుకో నాకే తెలియదు. కడిగి కొంగున ముడి వేసుకున్నాను.

ఇంటి దొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. నేను పట్టాను. పగలంతా నా పక్కన వెల్లుల్లి ఒలిచే మనిషి తప్ప ఇంకెవరున్నారు చెప్పు? కొడుకు కొడుతుంటే వసారాలో జపమాల తిప్పుతూ కూర్చుంటుంది. పొద్దున్నే వచ్చి పసుపు రాస్తుంది. రాత్రి కొట్టించి పొద్దున పసుపు రాసే చేతుల మీద నాకు ఎంత అసహ్యమో రాస్తే నువ్వు తట్టుకోలేవు, నీ తల్లి కదా.

హైమావతి

రాయడం మరిచాను. నాలుగు రోజుల కిందట అత్తయ్య స్నానాల గదిలో జారిపడ్డారు. కుడి మణికట్టు విరిగింది. రైల్వే ఆసుపత్రిలో పిండికట్టు వేశారు.


హైదరాబాద్
1 జూలై 2024

వదినా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. ముందు ఒక్క మాట. నేను నోట్‌ప్యాడ్‌లో చదివింది "ప్రింటర్ కాగితాలు నమిలేస్తోంది" అన్న రెండు లైన్లే. సర్దుకోమన్నది ప్రింటర్ సంగతి. దసరాకి వచ్చి కొత్తది కొనిద్దామనుకున్నాను. పక్కటెముక గురించి గానీ పాలకొండ గురించి గానీ నేను ఒక్క అక్షరం చూడలేదు. అమ్మ తోడు.

ఇక అన్నయ్య విషయం. వాడు కోపిష్టే, చిన్నప్పుడు నన్నూ కొట్టాడు. చెంపదెబ్బ కొట్టి ఉంటాడంటే నమ్ముతాను, దానికి నేనే వాడిని నాలుగు దులుపుతాను. కానీ స్పానరా? జుట్టు పట్టుకుని బండకేసి కొట్టడమా? ఆ మాటలు చదువుతుంటే నా అన్నయ్య మొహం వాటికి అతకడం లేదు. నువ్వు అబద్ధమాడుతున్నావని అనను. కోపంలో కొంచెం పెంచి రాశావేమో అనుకుంటున్నాను, అంతే.

అమ్మకి ఫోన్ చేసి అడిగాను. "ఏటీ నేదే, అందరం బాగున్నాం" అంది. అన్నయ్య పక్కనే ఉన్నాడు, స్పీకర్లో పెట్టినట్టున్నాడు. అమ్మని నువ్వు అన్న మాటలు మాత్రం నేను మర్చిపోను. మా అమ్మ చాడీలు చెప్పే మనిషి కాదు. విరిగిన చేత్తో ఎలా స్నానం చేస్తోందో, ఎవరు జడ వేస్తున్నారో అని నేనిక్కడ ఏడుస్తుంటే నువ్వు ఆవిణ్ణి దొంగంటావా?

ఇంకోటి. మే నెల నుంచి నేను నీ కంప్యూటర్లోకి వచ్చింది మూడుసార్లే. మిగతా అప్పుడు బాణం కదిలిందంటే మౌస్ కింద దుమ్ము పట్టి ఉంటుంది. గుడ్డతో తుడువు.

జ్యోతి


తార్‌బహార్
8 జూలై 2024

జ్యోతిర్మయికి,

మౌస్ తుడిచాను. దుమ్ము లేదు.

ఆరో తేదీ పొద్దున మీ అన్నయ్య అత్తయ్యని పిండికట్టు చూపించడానికి ఆసుపత్రికి తీసుకెళితే, వాపు తగ్గలేదని అక్కడే మంచం మీద ఉంచి మర్నాడు పంపారు. ఆ రోజు సాయంత్రం దాకా ఇంట్లో నేనొక్కదాన్నే. పదకొండింటికి మూలన పెట్టె వెలిగింది. మూడుసార్లే వచ్చానని రాసిన మనిషి నాలుగోసారి వచ్చిందన్నమాట అనుకుని ఒక అబద్ధం కొట్టాను. పాలకొండకి టికెట్ తీసుకున్నాననీ, బియ్యం డబ్బాలో దాచాననీ. నేను ఏ టికెట్టూ తీసుకోలేదు. ఈ మాట గాలికి కూడా చెప్పలేదు.

ఆరింటికి మీ అన్నయ్య వచ్చారు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తిన్నగా వెళ్లి బియ్యం డబ్బా నేల మీద బోర్లించారు. లేని టికెట్ కోసం పాతిక కిలోల బియ్యం చేతులతో కెలికారు. దొరక్కపోయేసరికి, ఎక్కడ పెట్టావని నా కుడిచేతి వేళ్లు తలుపు సందులో పెట్టి తలుపు మూశారు. రెండు గోళ్లు పోయాయి. అందుకే ఈ రాత ఇలా ఉంది.

ఆ టికెట్ సంగతి తెలిసింది నాకూ, ఆ పెట్టెలోంచి చూసేవాళ్లకీ. అత్తయ్య కాదు. అత్తయ్య ఎప్పుడూ కాదు. ఇది రాస్తుంటే గోళ్ల నొప్పి కంటే ఎక్కువగా ఏదో నన్ను కోస్తోంది, అదేమిటో నీకు చెప్పను. మిగిలింది నువ్వే. నా బాధ చదువుకుని అన్నకి అందించి, నాకేమో ప్రింటర్ అంటావు. తోబుట్టువు తోబుట్టువే, పరాయిది పరాయిదే.

ఇక జవాబు రాయకు.

హైమావతి


హైదరాబాద్
13 జూలై 2024

వదినా,

రాయవద్దన్నావు. ఇది మాత్రం చదువు. ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు.

నీ ఉత్తరం చదివి నీ మీద కోపం వచ్చింది. నేను కాదని రుజువు చూపిద్దామని ఆఫీసుకి సెలవు పెట్టి కూర్చున్నాను. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుంచి వచ్చారో అంతా నమోదవుతుంది. నా ఖాతా తెరిచి అది చూశాను. మే రెండో తేదీ నుంచి ఇప్పటిదాకా నీ కంప్యూటర్లోకి నలభై ఆరుసార్లు వచ్చారు. మూడు నావి. మిగిలిన నలభై మూడూ ఒకే ఫోన్ నుంచి. ఆ ఫోన్ పేరు శివాజీ, అన్నయ్య పేరే.

ఆరో తేదీ పదకొండింటికి వచ్చింది వాడు. నువ్వు పక్కటెముక గురించి రాసుకున్న రోజు మూడు గంటల సేపు ఉన్నది వాడు. షెడ్డులో కూర్చుని, టీ తాగుతూ, నువ్వు ఏ ఫారం నింపుతున్నావో, ఏ ఉద్యోగం వెతుకుతున్నావో ఫోన్‌లో చూస్తున్నాడు. నువ్వు జ్యోతీ జ్యోతీ అని రాసుకున్నదంతా వాడు చదివాడు. తెలుగు అక్షరాలు రావు గానీ ఇంగ్లీషు అక్షరాలు వచ్చు కదా.

పాస్‌వర్డ్ వాడికిచ్చింది నేను. ఏప్రిల్‌లో వదినకి సాయం చేస్తానంటే మురిసిపోయి నంబరూ పాస్‌వర్డూ రెండూ చెప్పేశాను. బ్యాంకులో ఏ గుమాస్తా అయినా పాస్‌వర్డ్ పక్కవాడికి చెబితే నేను ఫోన్‌లోనే వాణ్ణి ఏడిపిస్తాను. ఇంటికొచ్చేసరికి, అన్నయ్యే కదా అనుకున్నాను. పలక విసిరిన కథకి ఇన్నేళ్లు నవ్వాను చూడు, ఆ నవ్వే ఇక్కడిదాకా తెచ్చింది. అమ్మ నుదుటి మీద రక్తం కారుతుంటే నేను పక్కనే ఉన్నాను వదినా. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. నవ్వడం తర్వాత నేర్చుకున్నాం.

నిన్ను నమ్మలేదు. పెంచి రాశావన్నాను. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

ఇప్పుడు చెయ్యవలసింది. పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నం పన్నెండింటికి వాడిని దాంట్లోంచి తీసేసి పాస్‌వర్డ్ మార్చేస్తాను. ఇప్పుడే తీస్తే, నీకు సంగతి తెలియకముందే వాడికి తెలిసిపోతుంది, కొట్టి చంపుతాడని భయం. ఈ ఉత్తరం పదిహేడుకల్లా నీకు చేరుతుంది. ఆ రోజు ఏమీ తెలియనట్టే ఫారాలు నింపుకో. పద్దెనిమిది పొద్దున వాడు డ్యూటీకి వెళ్లగానే అమ్మని తీసుకుని మహిళా ఠాణాకి వెళ్లిపో. ఆ నలభై మూడుసార్ల చిట్టా నా దగ్గరుంది, రెండు చోట్ల దాచాను. నేను వచ్చి సాక్ష్యం చెబుతాను, మా అన్న మీద.

అమ్మ మీద కోపం ఉంచుకోకు. ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

జ్యోతి


తార్‌బహార్
21 జూలై 2024

జ్యోతీ,

బతికే ఉన్నాను, అత్తయ్యా బతికే ఉన్నారు. మీ అన్నయ్య లాకప్‌లో ఉన్నాడు. ముందు ఇది తెలిస్తే మిగతాది నిదానంగా చదువుతావని మొదటే రాస్తున్నాను.

నీ ఉత్తరం పదిహేడున రాలేదు. ఇక్కడ మూడు రోజులు ఒకటే వాన. పద్దెనిమిదో తేదీ సాయంత్రం నాలుగింటికి వచ్చింది. అప్పటికే వాడు పగలే డ్యూటీ వదిలేసి ఇంటికొచ్చి కూర్చున్నాడు. ఫోన్‌లో మాటిమాటికీ పాస్‌వర్డ్ కొట్టి చూస్తున్నాడు, ఎందుకో నాకు అర్థం కాలేదు. పోస్ట్‌మ్యాన్ చేతిలోంచి కవరు వాడే తీసుకున్నాడు. ఎప్పటిలా నా ముందు పడెయ్యలేదు. చింపి, నాలుగు పేజీలు తిరగేసి, అత్తయ్య మంచం దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఏటి రాసిందో సదువు. పూరా సదువు" అన్నాడు.

నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. అందులో ఏముందో నాకు తెలియదు, కానీ నేను నీకు రాసినదానికి జవాబు అది, ఏముంటే ఏమిటి, చావు ఖాయం అనుకున్నాను. అత్తయ్య కళ్లద్దాలు పెట్టుకున్నారు. పిండికట్టు ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో కాగితం పట్టుకున్నారు. చదవడం మొదలుపెట్టారు.

వదినా, ఇక్కడ వానలు. నువ్వు పంపిన మాగాయ అందింది గానీ ఉప్పు తక్కువైంది, పైన బూజు కట్టింది. పై పొర తీసి, ఉప్పు వేయించి కలిపి, మళ్లీ ఎండలో పెట్టమంటావా? హాస్టల్ తిండికి నోరు చచ్చిపోయింది. అన్నయ్యకి చెప్పు, ఆరోగ్యం చూసుకోమని. ఇలా సాగింది జ్యోతీ. తడబాటు లేదు. ఒక పేజీ అయినంతసేపు చదివి పేజీ తిప్పేవారు. పైకి మాగాయ చదువుతున్నారు, కళ్లతో నువ్వు రాసింది చదువుకుంటున్నారు. రెండో పేజీలో ఒక్కచోట ఆగి కళ్లద్దాలు తుడుచుకున్నారు. అంతే.

నాలుగు పేజీలూ అయ్యాక వాడు కాసేపు ఆమె మొహం చూసి, రెండో పేజీ తీసి చేతికిచ్చి, మళ్లీ చదవమన్నాడు. అత్తయ్య ఆ పేజీ పొల్లుపోకుండా మళ్లీ అదే చదివారు. ఉప్పు వేయించడం, ఎండ, హాస్టల్ తిండి, ఒక్క మాట అటూ ఇటూ కాలేదు.

"మాగాయకి నాలుగు పేజీలా" అన్నాడు వాడు.

"ఆడోళ్లం, రాసుకుంటాం. నువ్వు ఆ దినం పలక ఇసరకపోతే నువ్వే సదువుకుందువు" అన్నారు.

ఆ మాటతో వాడికి పిచ్చెక్కింది. ఉత్తరం మీద అనుమానం పోయింది, కోపం మాత్రం పోలేదు, ఎక్కడో ఒకచోట దిగాలి కదా. నన్ను జుట్టు పట్టుకుని కంప్యూటర్ దగ్గరికి ఈడ్చాడు. పాస్‌వర్డ్ ఎవడు మార్చాడో చెప్పమన్నాడు. నాకు తెలియదన్నాను, నిజంగానే తెలియదు. కీబోర్డుతో మొహం మీద కొట్టాడు. మీటలు ఊడి గదంతా చెల్లాచెదురయ్యాయి. మానిటర్ నా వీపు మీద పగలగొట్టాడు. తర్వాత దాని తీగ పీకి నా మెడకి చుట్టి బిగించాడు. అప్పుడు కూడా అరవడం లేదు జ్యోతీ. చెప్పు, చెప్పు అని మెల్లిగా అంటున్నాడు. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి.

ఇంతలో దబ్బున చప్పుడైంది. తీగ వదులైంది. అత్తయ్య వాడి వెనక నిలబడి ఉన్నారు. పిండికట్టు వేసిన చెయ్యి పైకెత్తి, రాయి మోదినట్టు వాడి తల మీద మోదారు. మళ్లీ ఎత్తి మళ్లీ కొట్టారు. మూడో దెబ్బకి పిండికట్టు పగిలి తెల్లటి ముక్కలు వాడి జుట్టులోనూ నా ఒళ్లోనూ పడ్డాయి. వాడు పడిపోయాడు, తల పగిలి రక్తం కారుతోంది. అత్తయ్య చెయ్యి ఉన్నచోట వేలాడుతోంది. నొప్పికి పెదవి కొరుక్కుని, "లెగు, హైమా. ఆడు లెగిసేలోగా ఎల్లిపోదాం" అన్నారు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. బయట గొళ్లెం పెట్టి, వానలో ఆటో ఎక్కి ఠాణాకి వెళ్లాం. దారిలో నీ ఉత్తరం నా చేతిలో పెట్టారు. ఆటో దీపం వెలుతురులో చదువుకున్నాను.

పోలీసులు వచ్చి గొళ్లెం తీసేసరికి వాడు నేల మీద కూర్చుని తలకి తువ్వాలు చుట్టుకుంటున్నాడట.

ఇప్పుడు నీకు చెప్పనన్నది చెబుతాను. నీ అమ్మ స్నానాల గదిలో జారిపడలేదు. నేను విరిచాను. నా పన్ను ఊడిన మర్నాడు పొద్దున ఆమె పసుపు గిన్నెతో వచ్చింది. కొడుక్కి ఎందుకు చెప్పావని అడిగాను. నేను సెప్పనేదే అంది. నాకు ఒళ్లు తెలియలేదు. ఆ మణికట్టు పట్టుకుని తిప్పాను. తిప్పుతూనే ఉన్నాను. వాడు నా జుట్టు చుట్టుకున్నట్టే, నేనూ గొంతు పెంచకుండా నిజం చెప్పు నిజం చెప్పు అంటూ తిప్పాను. ఎముక చప్పుడు నా చెవిలో ఇంకా ఉంది. ఆమె అరవలేదు. కింద కూర్చుని, కాసేపు ఊపిరి తీసుకుని, "జారిపడ్డానని సెప్దాం" అంది.

ఠాణాలో అమ్మాయి ఎస్సై చెయ్యి చూసి, ఎవరు విరిచారని హిందీలో అడిగింది. అత్తయ్య నా వైపు చూడకుండా, నా కొడుకే అని చెప్పారు. ఎస్సై రాసుకుంది. నేను నోరు తెరవలేదు. మూడు రోజులుగా ఆమెకి అన్నం కలిపి తినిపిస్తున్నాను, జడ వేస్తున్నాను. ఆమె ఆ మాట ఎత్తదు, నన్నూ ఎత్తనివ్వదు. నీకు చెప్పకుండా ఒక ముద్ద దిగడం లేదు. నువ్వు ఏం శిక్ష వేసినా సరే.

హైమావతి


హైదరాబాద్
26 జూలై 2024

వదినా,

మణికట్టు దగ్గరికి వచ్చేసరికి నీ ఉత్తరం నేలకేసి కొట్టాను. గదిలో ఉన్న స్టీలు గ్లాసు కూడా గోడకేసి కొట్టాను, సొట్ట పోయింది. ఆ చేతులతో నాకు అక్షరాలు దిద్దించింది. ఆ క్షణాన నువ్వు ఎదురుగా ఉంటే నేనూ నీ చెయ్యి పట్టుకుని తిప్పేదాన్ని. అబద్ధం ఎందుకు చెప్పాలి? మా అన్నయ్యలో ఉన్నది నాలోనూ ఉంది, ఇప్పుడు నీలోనూ ఉందని తెలిసింది.

తర్వాత గ్లాసు తీసి కడుక్కుని, ఉత్తరం మళ్లీ చదివాను. పాస్‌వర్డ్ నేను ఇవ్వకపోతే నువ్వు ఆవిణ్ణి అనుమానించేదానివి కాదు. అది నా నోటితో నేనే ఒప్పుకోవాలి.

నిన్ను క్షమించానని ఇప్పుడే రాయలేను. నువ్వు కూడా నన్ను క్షమించినట్టు రాయలేదు, రాయకపోవడమే మంచిది. కానీ ఒక విషయం తేల్చుకున్నాను. పలక తగిలితే గుమ్మమంది. ఎముక విరిగితే జారానంది. ఫోన్‌లో అడిగితే అందరం బాగున్నామంది. ఇప్పుడు ఠాణాలో కొడుకంది. మా ఇంట్లో కొట్టేది ఎవరైనా, అబద్ధం ఆడే పని మాత్రం అమ్మదే. మాగాయ దగ్గరే ఆ పని అయిపోయింది, అంతకంటే గొప్ప అబద్ధం ఇక ఆవిడ ఆడలేదు. ఇక ఆడనివ్వను.

ఎల్లుండి బండికి బయలుదేరుతున్నాను. ముగ్గురం ఆ ఎస్సై దగ్గరికి వెళదాం. పాస్‌వర్డ్ ఇచ్చింది నేనని నేను రాయిస్తాను. మణికట్టు విరిచింది నువ్వని నువ్వు రాయించు. దానికి ఏం పడితే అది పడనీ, నేను నీ పక్కనే నిలబడతాను. అమ్మ ఉన్నదున్నట్టు చెబుతుంది. మన రెండు తప్పులూ మనం తీసేసుకున్నా వాడికి మిగిలేది తక్కువేమీ కాదు. ఆ నలభై మూడుసార్ల కాగితాలు నా సంచిలో ఉన్నాయి.

స్క్రీన్ మీద కాదు, ఈసారి గుమ్మంలోకి వస్తున్నాను. తలుపు తీసేముందు నా గొంతు విని తియ్యి.

కొంగున ముడి వేసుకున్న ఆ పన్ను పారెయ్యలేదు కదా. దాన్ని కూడా తీసుకెళ్లాలి.

జ్యోతి